మెకానికల్ ఇంజినీరు దారి: కృష్ణానగర్ నుంచి ఎటు వెళ్లాలి?

అవగాహన

బీటెక్ మెకానికల్ పూర్తిచేసి కృష్ణానగర్‌లోనో, ఎస్‌ఆర్ నగర్‌లోనో షేరింగ్ గదిలో దిగిన కుర్రవాడికి మొదటి వారంలోనే నాలుగు సలహాలు అందుతాయి. జావా నేర్చుకో. క్యాడ్ నేర్చుకో. గేట్ రాయి. రైల్వేకి అప్లై చెయ్యి. నాలుగూ మంచి సలహాలే. చిక్కేమిటంటే ఎవరికి ఏది, ఎప్పుడు అన్నది చెప్పేవాళ్లు తక్కువ. దాంతో ఆర్నెల్లు ఒక కోర్సు, ఆర్నెల్లు ఇంకో కోచింగ్ అంటూ రెండేళ్లు గడుస్తాయి. చేతిలో సర్టిఫికెట్లు పెరుగుతాయి, సబ్జెక్టు మాత్రం పట్టా నాటికి ఉన్నచోటే ఉంటుంది.

పదో తరగతి నుంచి ఉద్యోగం దాకా మెకానికల్ శాఖలో ఉన్న మెట్లేమిటి, ఒక్కో మెట్టు దగ్గర రాయాల్సిన పరీక్ష ఏమిటి, ఎక్కడ తొందరపడాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఈ వ్యాసం. ఉదాహరణలన్నీ హైదరాబాద్ చుట్టుపక్కలవే. ఈ శాఖకు ఇంత దగ్గరదగ్గరగా ఇన్ని సంస్థలున్న నగరాలు దేశంలో ఎక్కువ లేవు.

మెట్రో గీత మీద మొత్తం శాఖ

కృష్ణానగర్ అనగానే సినిమా గుర్తొస్తుంది. పొద్దున్నే ఇందిరానగర్ గడ్డ మీద పిలుపు కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, లైట్లు ఎక్కించుకునే యూనిట్ వ్యాన్లు ఇక్కడి దృశ్యం. ఇంజినీరింగ్ విద్యార్థికి ఈ పేట ఇంకో రకంగా కలిసొస్తుంది. యూసుఫ్‌గూడ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ అమీర్‌పేట. అక్కడ ఎర్ర గీతకు మారి మియాపూర్ వైపు వెళితే ఆరో స్టేషన్ బాలానగర్, తొమ్మిదోది జేఎన్‌టీయూ. ఎల్బీనగర్ వైపు వెళితే పంజాగుట్ట, ఆ తర్వాత ఎర్రమంజిల్, ఖైరతాబాద్. ఎర్రమంజిల్‌లో నీటిపారుదల శాఖ ఇంజినీర్ల జలసౌధ ఉంది, ఖైరతాబాద్‌లో విద్యుత్ సౌధ, ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ రాష్ట్ర కేంద్రం ఉన్నాయి. ఒకవైపు చదువు, కార్ఖానాలు. ఇంకోవైపు సర్కారు కొలువులు. మధ్యలో అమీర్‌పేట జంక్షన్, మైత్రీవనం చుట్టూ కోచింగ్ బోర్డుల అడవి. చాలామంది ఆ జంక్షన్‌లోనే దిగిపోతారు.

సనత్‌నగర్, బాలానగర్‌ల చరిత్ర కూడా కాస్త తెలిసి ఉంటే మంచిది. 1942లో నిజాం కాలంలో పుట్టిన ఆల్విన్ బస్సు బాడీలు, రిఫ్రిజిరేటర్లు, తర్వాత చేతి గడియారాలు చేసింది. 1943లో ప్రాగా టూల్స్ వచ్చింది. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్ పరిసరాల్లో హెచ్‌ఎంటీ, హెచ్‌ఏఎల్ వెలిశాయి. ఆల్విన్ ఇప్పుడు కాలనీ పేరుగానే మిగిలింది. కానీ ఈ పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిపెట్టే చిన్న షెడ్లు వందల కొద్దీ పుట్టాయి. పెద్దవాటిలో కొన్ని పోయినా ఆ పనితనం పోలేదు. ఈ రోజు విమానాలకు, రాకెట్లకు భాగాలు కోస్తున్న నగరం అదే పనితనం మీద నిలబడింది.

పదో తరగతి తర్వాత: పాలిసెట్, సీఐటీడీ

డిప్లొమా అంటే ఇంటర్ చదవలేనివాళ్ల దారి అన్న చిన్నచూపు మన ఇళ్లలో ఇంకా ఉంది. మెకానికల్ విషయంలో అది తప్పు లెక్క. ఇంటర్‌లో రెండేళ్లు ఎంపీసీ బట్టీ పట్టిన విద్యార్థి బీటెక్ రెండో ఏడాదిలో మొదటిసారి లేత్ మిషన్ ముట్టుకుంటాడు. డిప్లొమా విద్యార్థి అప్పటికే ఫైలింగ్ చేసి, ఫిట్టింగ్ చేసి, చేతులు నల్లబడి ఉంటాడు.

తెలంగాణలో డిప్లొమా ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో 120 ప్రశ్నలు, 120 మార్కులు. గణితానికి 60, భౌతిక శాస్త్రానికి 30, రసాయన శాస్త్రానికి 30. సిలబస్ పదో తరగతిదే. సగం మార్కులు గణితానివి కాబట్టి ర్యాంకు తేలేది అక్కడే. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్, రామంతాపూర్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లకు పోటీ ఎక్కువ. ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు ట్రేడులు చేసినవాళ్లు ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరవచ్చు. ఈ సంగతి ఐటీఐ విద్యార్థుల్లోనే చాలామందికి తెలియదు.

బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, అందరూ పిలిచే పేరులో సీఐటీడీ, సంగతి వేరు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో కేంద్ర ప్రభుత్వం 1968లో దీన్ని నెలకొల్పింది. ఇప్పుడు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ కింద ఉంది. పదో తరగతి తర్వాత నాలుగేళ్ల టూల్, డై, మోల్డ్ మేకింగ్ డిప్లొమా ఇక్కడి పేరున్న కోర్సు. ప్రవేశం పాలిసెట్‌తో కాదు, సంస్థ సొంత పరీక్షతో. ప్లాస్టిక్ బకెట్ నుంచి కారు బంపర్ దాకా ఏది తయారవ్వాలన్నా ముందు దానికి అచ్చు కావాలి. ఆ అచ్చు చేయగలవాడికి పని కరువు రాదు. ఇంజినీరింగ్ పట్టా ఉన్నవాళ్లకు కూడా ఇక్కడ టూల్ డిజైన్‌లో పీజీ స్థాయి కోర్సులు, స్వల్పకాలిక శిక్షణలు ఉన్నాయి. క్యాడ్ కోర్సు ఎక్కడ చేయాలని అడిగేవాళ్లకు నా మొదటి జవాబు: ముందు బాలానగర్ వెళ్లి ఆ వర్క్‌షాప్ చూసి రండి, తర్వాత నిర్ణయించుకోండి.

డిప్లొమా తర్వాత బీటెక్ కావాలంటే ఈసెట్. ఇందులో 200 ప్రశ్నలు: గణితం 50, భౌతికం 25, రసాయనం 25, మిగిలిన 100 సొంత బ్రాంచివి. ర్యాంకు వస్తే నేరుగా రెండో ఏడాదిలో చేరిక. ఇలా వెళ్లినవాళ్లకు మొదట ఇంజినీరింగ్ గణితం కష్టమవుతుంది. ఈసెట్ అయ్యాక కాలేజీ తెరిచేలోపు కలనం, మాత్రికలు, అవకలన సమీకరణాలు చదువుకుంటే మూడో సెమిస్టర్‌లో బ్యాక్‌లాగ్ తప్పుతుంది.

ఇంటర్ తర్వాత

ఇంటర్ ఎంపీసీ వాళ్లకు తెలంగాణలో ఎప్‌సెట్. 160 ప్రశ్నలు, మూడు గంటలు, గణితం 80, భౌతికం 40, రసాయనం 40. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. జాతీయ స్థాయిలో జేఈఈ మెయిన్: 75 ప్రశ్నలు, 300 మార్కులు. దాంతో ఎన్‌ఐటీలు, ఆపై అడ్వాన్స్‌డ్‌తో ఐఐటీలు. వరంగల్ ఎన్‌ఐటీ 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైంది, ఆ వరుసలో దేశంలోనే మొదటిది. ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలది ఇంకా పాత చరిత్ర, 1929 నాటిది.

కంప్యూటర్ సైన్స్ సీట్ల కోసం కాలేజీలు మెకానికల్ సీట్లు తగ్గించుకుంటున్న కాలమిది. దీన్ని చూసి భయపడేవాళ్లున్నారు. నా అంచనా వేరు. మంచి కాలేజీల్లో మెకానికల్ సీటు ఇప్పుడు కాస్త తేలిగ్గా అందుతోంది. ఆ ర్యాంకుకు పేరులేని కాలేజీలో కంప్యూటర్ సైన్స్ వస్తుంటే, పేరున్న కాలేజీలో మెకానికల్ తీసుకోవడం చాలామందికి మేలు. యంత్రాలంటే అసలు ఆసక్తి లేనివాళ్లకు మాత్రం ఈ మాట వర్తించదు. వాళ్లు తీసుకుంటే నాలుగేళ్లూ థర్మోడైనమిక్స్‌ను తిట్టుకుంటూ గడుపుతారు.

ఉద్యోగం చేస్తూ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ వారి ఏఎంఐఈ పరీక్షలు రాసి ఇంజినీరు అయిన తరం ఒకటుంది. 2013 మే 31 తర్వాత చేరినవాళ్ల సర్టిఫికెట్‌కు ఇంజినీరింగ్ డిగ్రీతో పాత సమానత లేదు. ఎవరైనా ఇప్పుడు ఆ దారి సూచిస్తే ఈ తేదీ గుర్తుంచుకోండి.

ఒక రంధ్రం, మూడు పరీక్షలు

ఈ శాఖలో చదువు, సాఫ్ట్‌వేర్, పనితనం మూడూ ఎలా కలుస్తాయో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. 25 మిల్లీమీటర్ల రంధ్రంలో 25 మిల్లీమీటర్ల షాఫ్టు తిరగాలి. రెండూ సరిగ్గా 25 అయితే షాఫ్టు దూరదు, దూరినా తిరగదు. ఎంత తేడా ఉంచాలో డ్రాయింగ్‌లో హెచ్7/జి6 అని రాస్తారు.

పరీక్షలో అడిగేది ఇది. హెచ్7 ప్రకారం 25 మిల్లీమీటర్ల రంధ్రం 25.000 నుంచి 25.021 దాకా ఉండవచ్చు. జి6 ప్రకారం షాఫ్టు 24.980 నుంచి 24.993 దాకా. కనిష్ఠ క్లియరెన్స్ ఎంత? అతి చిన్న రంధ్రంలోంచి అతి పెద్ద షాఫ్టును తీసేయాలి: 25.000 - 24.993 = 0.007, అంటే 7 మైక్రాన్లు. గరిష్ఠం? 25.021 - 24.980 = 0.041, అంటే 41 మైక్రాన్లు. కనిష్ఠం కూడా సున్నాకు పైన ఉంది కాబట్టి ఇది క్లియరెన్స్ ఫిట్. గేట్‌లోనూ, జూనియర్ ఇంజినీర్ పరీక్షల్లోనూ ఈ తరహా ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దీని పక్కనే ఇంకో ఉచ్చు ఉంటుంది: ఎక్కువ పదార్థం మిగిలే పరిమితి ఏది? షాఫ్టుకు పెద్ద కొలత, 24.993. రంధ్రానికి చిన్న కొలత, 25.000. ఎందుకంటే రంధ్రం చిన్నదైతేనే చుట్టూ లోహం ఎక్కువ మిగులుతుంది. తొందరలో ఇక్కడ తారుమారు చేసేవాళ్లు చాలామంది.

ఇదే పనిని అమీర్‌పేట ల్యాబ్‌లో సాలిడ్‌వర్క్స్ మీద చేస్తే మెనూలో హెచ్7 ఎంచుకోగానే అంకెలు వాటంతట అవే పడతాయి. త్రీడీ నమూనాలో మాత్రం రంధ్రం 25, షాఫ్టు 25. తెర మీద అసెంబ్లీ చక్కగా కూర్చుంటుంది. ఎందుకు జి6, ఎందుకు హెచ్6 కాదు అన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు. బేరింగ్ లాగా జారాలా, పట్టుకుని కూర్చోవాలా, నూనె పొర ఎంత మందం ఉండాలి అన్నది ఇంజినీరు తేల్చుకోవాలి.

బాలానగర్ షెడ్‌లో సంగతి మూడోది. అక్కడ 21 మైక్రాన్ల జాగాలో రంధ్రం పెట్టాలి. డ్రిల్లుతో ఆ కచ్చితత్వం రాదు. ముందు డ్రిల్లు, తర్వాత బోరింగ్, చివర్న రీమింగ్ చేయాలి. కొలవడానికి గో, నోగో ప్లగ్ గేజ్: 25.000 వైపు దూరాలి, 25.021 వైపు దూరకూడదు. మధ్యాహ్నం ఎండకు లోహం వేడెక్కితే కొలత మారుతుందని పాత టర్నర్‌కు తెలుసు. ప్రామాణిక కొలత 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర తీసుకోవాలన్నది పుస్తకంలో ఒక మార్కు ప్రశ్న, షెడ్‌లో రిజెక్ట్ అయిన బ్యాచ్.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి వదిలినా మిగతా రెండూ కుంటివే. వరుస కూడా ముఖ్యం: ముందు సబ్జెక్టు, తర్వాత చేతిపని, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్. అమీర్‌పేటలో ఈ వరుస తలకిందులవుతోంది.

గేట్: ఎలా చదవాలి, ఎలా ఊహించాలి

గేట్ మెకానికల్ పేపరులో 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15 మార్కులు, ఇంజినీరింగ్ గణితానికి 13, సబ్జెక్టుకు 72. ఆప్టిట్యూడ్, గణితం కలిపితే 28. సబ్జెక్టులో మహా సముద్రం ఈదే ముందు ఈ 28 గట్టి చేసుకోవాలి. మూడో ఏడాదిలో ఉన్నవాళ్లూ గేట్ రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్.

సబ్జెక్టు మూడు కుప్పలు. మొదటిది మెకానిక్స్, డిజైన్: స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, థియరీ ఆఫ్ మెషిన్స్, వైబ్రేషన్స్, మెషిన్ డిజైన్. రెండోది ఫ్లూయిడ్స్, థర్మల్. మూడోది మెటీరియల్స్, తయారీ, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్. మూడో కుప్పను చివరికి వదిలేయడం మన విద్యార్థుల అలవాటు. ఇన్వెంటరీ, పర్ట్, లీనియర్ ప్రోగ్రామింగ్ లాంటి అధ్యాయాలు తక్కువ సమయంలో పట్టుబడతాయి. వాటిని వదిలేసి టర్బోమెషినరీతో నెలరోజులు కుస్తీ పట్టడం తెలివైన పని కాదు.

మల్టిపుల్ చాయిస్‌లో ఒక మార్కు ప్రశ్న తప్పితే మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్న తప్పితే మూడింట రెండొంతుల మార్కు కోత. నాలుగు ఐచ్ఛికాల్లో గుడ్డిగా ఒకటి గుర్తిస్తే సగటున లాభం సున్నా. ఒక్క ఐచ్ఛికాన్ని కచ్చితంగా కొట్టేయగలిగితే లెక్క మీవైపు తిరుగుతుంది. అంకె టైపు చేయాల్సిన ప్రశ్నలకూ, ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలకూ కోత లేదు కాబట్టి వాటిని ఖాళీగా వదలకండి.

మూడు నమూనాలు చూడండి.

327 డిగ్రీల సెల్సియస్, 27 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేసే కార్నో యంత్రం సామర్థ్యం ఎంత? కెల్విన్‌లోకి మారిస్తే 600, 300. జవాబు 50 శాతం. మార్చకుండా చేస్తే 91.7 వస్తుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవారు ఆ 91.7ను కూడా ఒక ఐచ్ఛికంగా ఇస్తారు.

టేలర్ సూత్రంలో ఘాతం 0.25. నిమిషానికి 30 మీటర్ల వేగంతో కోస్తే టూల్ 60 నిమిషాలు నిలిచింది. వేగం రెట్టింపు చేస్తే? ఆయుష్షు రెండు నాలుగో ఘాతం వంతుకు, అంటే 16వ వంతుకు పడిపోతుంది: 3.75 నిమిషాలు. షెడ్‌లో ఓనరు త్వరగా కానీయమని అరిచినా పాత మెషినిస్టు వేగం ఎందుకు పెంచడో ఈ అంకె చెబుతుంది.

ఘన షాఫ్టు వ్యాసం 10 శాతం పెంచితే అది మోయగల టార్క్ ఎంత పెరుగుతుంది? వ్యాసం ఘనానికి అనుపాతం కనుక 1.331 రెట్లు, 33.1 శాతం. కాలుక్యులేటర్ అక్కర్లేదు. ఇలాంటి అనుపాత ప్రశ్నలు సమయం మిగిలిస్తాయి. రోజుకు పది సాధన చేయండి.

సర్కారు కొలువులు

అన్నిటికంటే కష్టమైనది, గౌరవమైనది యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్. ప్రిలిమినరీలో జనరల్ స్టడీస్, ఇంజినీరింగ్ ఆప్టిట్యూడ్ పేపరుకు 200, సబ్జెక్టుకు 300 మార్కులు. మెయిన్స్‌లో రెండు సబ్జెక్టు పేపర్లు ఒక్కోటి 300. ఇంటర్వ్యూ 200. మొత్తం 1,300. సివిల్స్‌లోలా కాకుండా ఇక్కడ ప్రిలిమినరీ మార్కులు కూడా తుది జాబితాలో కలుస్తాయి. వయసు 21 నుంచి 30 ఏళ్లు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు. మెయిన్స్ విస్తృత సమాధానాల పరీక్ష. గేట్ సాధనతో సగం దూరమే వెళతారు. పటం గీసి, ఊహలు రాసి, అంచెలంచెలుగా సాధించడం విడిగా అలవాటు చేసుకోవాలి.

ఇస్రోలో సైంటిస్ట్/ఇంజినీర్ ఎస్‌సీ పోస్టుకు బీటెక్‌లో కనీసం 65 శాతం లేదా 6.84 సీజీపీఏ కావాలి. 64.9తో దరఖాస్తు దగ్గరే ఆగిపోయినవాళ్లు ఎందరో. రెండో ఏడాది విద్యార్థులు ఈ అంకెను ఇప్పుడే గోడ మీద రాసుకోవాలి. శ్రీహరికోట కేంద్రానికి పేరిచ్చిన సతీశ్ ధవన్‌కు ఉన్న డిగ్రీల్లో మెకానికల్ ఇంజినీరింగ్ ఒకటి, ఇంగ్లిషు సాహిత్యంలో ఎంఏ ఇంకొకటి.

రైల్వే జూనియర్ ఇంజినీర్‌కు డిప్లొమా చాలు. మొదటి పరీక్ష 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, రెండోది 120 నిమిషాల్లో 150, అందులో 100 సాంకేతికం. తప్పుకు మూడో వంతు కోత. ఎస్‌ఎస్‌సీ జూనియర్ ఇంజినీర్ మొదటి పేపరులో 200 ప్రశ్నలు, సగం సబ్జెక్టు, తప్పుకు పావు మార్కే కోత. అంటే ఊహకు ఇక్కడ గేట్ కంటే ధైర్యం చేయవచ్చు.

రాష్ట్ర స్థాయిలో టీజీపీఎస్సీ అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్. జనరల్ స్టడీస్ 150 మార్కులు, సబ్జెక్టు 300. 2022లో వచ్చిన ప్రకటనలో 1,540 పోస్టులున్నా వాటిలో సింహభాగం సివిల్‌వే. 2023 జనవరిలో జరిగిన ఆ పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీతో మార్చిలో రద్దయి, మేలో మళ్లీ జరిగింది. ఒకే ప్రకటన మీద జీవితం పెట్టుకోవద్దనడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఎత్తిపోతల పథకాలు వచ్చాక నీటిపారుదలలో మెకానికల్ పని పెరిగింది. లక్ష్మీపూర్ గాయత్రి పంపుహౌసులో ఒక్కో పంపు మోటారు యూనిట్ 139 మెగావాట్లు. సింగరేణిలో మెకానికల్, ఎలక్ట్రికల్ కలిపి ఈ అండ్ ఎం అంటారు. గనుల్లో పనిచేసే యంత్రాలన్నీ వీళ్ల చేతికిందే.

మెకానికల్, ఆటోమొబైల్ వాళ్లకే దక్కే కొలువు ఒకటుంది: అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్. 2022 చివర్లో 113 పోస్టులకు ప్రకటన వచ్చింది. దీనికి హెవీ వాహనాల డ్రైవింగ్ లైసెన్సు తప్పనిసరి. ప్రకటన వచ్చాక లైసెన్సు కోసం పరుగెత్తితే అందదు. కార్లు నడిపే లైసెన్సు తీసుకుని నిర్ణీత కాలం గడిచాకే హెవీకి అర్హత వస్తుంది. ఈ కొలువు మీద కన్నున్నవాళ్లు కాలేజీలో ఉండగానే మొదలుపెట్టాలి.

అమీర్‌పేట కోర్సుల లెక్క

ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, క్యాటియా, ఎన్‌ఎక్స్, ఆన్సిస్ అన్నీ ఒకేసారి నేర్పుతామనే ప్యాకేజీలు చూసి మోసపోకండి. ఒక మోడలింగ్ సాఫ్ట్‌వేర్ బాగా వస్తే రెండోది కొద్ది వారాల్లో పట్టుబడుతుంది. ఆటోమొబైల్ వైపు క్యాటియా, ఎన్‌ఎక్స్, చిన్న మెషిన్ డిజైన్ సంస్థల్లో సాలిడ్‌వర్క్స్ ఎక్కువ కనిపిస్తాయి. విశ్లేషణ సాఫ్ట్‌వేర్లు మాత్రం స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ రానివాళ్లకు రంగుల బొమ్మలే. ఎర్ర రంగు ఎక్కడుందో చూపిస్తారు, ఎందుకుందని అడిగితే నీళ్లు నములుతారు.

డ్రాయింగ్‌నూ కంప్యూటర్‌నూ కలిపితే ఎంత దూరం వెళ్లవచ్చో బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి దారి చూపిస్తుంది. కాకినాడ ఇంజినీరింగ్ కళాశాలలో మెకానికల్, ఐఐటీ కాన్పూర్, మిషిగన్ విశ్వవిద్యాలయాల్లో పై చదువులు, పరిశ్రమలో ఉద్యోగాలు, ఆ తర్వాత 1991లో హైదరాబాద్‌లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్. కాగితం డ్రాయింగులను డిజిటల్‌లోకి మార్చే పనితో మొదలైన సంస్థ విమాన ఇంజిన్ల డిజైన్ సేవల దాకా ఎదిగి 2014లో సైయెంట్ అయ్యింది. ఇంజినీరింగ్ సేవల రంగంలో కోడ్ రాసేవాడికంటే యంత్రం తెలిసి కోడ్ కూడా చదవగలవాడికి గిరాకీ. పైథాన్ నేర్చుకోవాలనుకుంటే నేర్చుకోండి, మెకానికల్ వదిలేయడానికి కాదు.

పూర్తిగా సాఫ్ట్‌వేర్‌కు మారాలనుకునేవాళ్లను తప్పుపట్టను. ఇంటి అప్పు, చెల్లెలి చదువు ఎవరి లెక్క వాళ్లది. మారేటట్టయితే చివరి సెమిస్టర్‌లోనే మారండి. దొంగ అనుభవ పత్రాలు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల జోలికి పోవద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఆ ఉద్యోగమే కాదు, ఆ తర్వాతివీ పోతాయి.

కోర్ ఉద్యోగం ఎక్కడుంది?

మొదటి జీతం తక్కువ. ఇది దాచిపెట్టి లాభం లేదు. షాపు ఫ్లోర్‌లో ఫ్రెషర్‌కు ఇచ్చేది ఐటీ ఫ్రెషర్ జీతం పక్కన చిన్నదిగా కనిపిస్తుంది. అప్రెంటిస్‌గా చేరితే ఇంకా తక్కువ. 2019 సవరణలో గ్రాడ్యుయేట్‌కు నెలకు కనీసం 9,000, డిప్లొమాకు 8,000 రూపాయలుగా నిర్ణయించారు. అయినా ఏడాది అప్రెంటిస్‌షిప్‌ను వృథా అనుకోవద్దు. బీడీఎల్, మిధాని, ఈసీఐఎల్, బీహెచ్‌ఈఎల్ లాంటి సంస్థల్లో ఆ ఏడాది గడిపినవాడి రెజ్యూమెను తర్వాతి కంపెనీ రెండుసార్లు చదువుతుంది.

1970లో మెషిన్ టూల్స్ మరమ్మతు కోసం బాలానగర్‌లో మొదలైన ఎంటార్ ఈ రోజు ఇస్రో వికాస్ ఇంజిన్ భాగాలు, అణు రియాక్టర్ల ఇంధన యంత్రాల తలలు చేస్తోంది. టర్బైన్ బ్లేడ్లు కోసే ఆజాద్ ఇంజినీరింగ్ 2023 డిసెంబరులో స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. ఆదిభట్లలో టాటా, బోయింగ్ ఉమ్మడి కర్మాగారం అపాచీ హెలికాప్టర్ల బాడీలు చేస్తోంది. పెనుకొండ దగ్గర కియా 2019 నుంచి కార్లు దింపుతోంది. శ్రీసిటీలో ఇసుజు, ఆ పరిసరాల్లో హీరో ఉన్నాయి. విశాఖలో పుట్టి ఐఐటీ ఖరగ్‌పూర్‌లో మెకానికల్ చదివిన పవన్‌కుమార్ చందన ఇస్రోలో పనిచేసి, 2018లో నాగభరత్ డాకాతో కలిసి హైదరాబాద్‌లో స్కైరూట్ పెట్టారు. 2022 నవంబరు 18న వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరింది. తేలికపాటి యుద్ధ విమానం తేజస్‌కు సారథ్యం వహించిన కోట హరినారాయణ బరంపురం తెలుగువారు; ఆయన మొదటి డిగ్రీ బనారస్‌లో మెకానికలే.

సొంత యూనిట్ పెట్టాలనుకునేవాళ్లకు సహాయం కృష్ణానగర్ పక్కనే ఉంది. యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ ఉంది; అది 1960లో ఢిల్లీలో పుట్టి 1962లో హైదరాబాద్ వచ్చింది. 1960లలో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ కాకినాడ వ్యాపారుల మీద చేసిన ప్రసిద్ధ ప్రయోగానికి శిక్షణ ఇచ్చింది ఇక్కడే. సాధించాలన్న తపనను శిక్షణతో పెంచవచ్చా అన్నది ఆ ప్రయోగం. మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లో ఇది కాకినాడ ప్రయోగం పేరుతోనే ఉంది, ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్ పేపర్లలో ప్రశ్నగానూ వస్తుంది. బ్యాంకుకు ప్రాజెక్టు రిపోర్టు ఎలా రాయాలో, పథకాలు ఏమున్నాయో ఇక్కడి శిక్షణల్లో చెబుతారు.

ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?

మెకానికల్ బోర్డు ఎక్కువగా మొదటి మూడేళ్ల సబ్జెక్టే అడుగుతుంది. మైల్డ్ స్టీల్ స్ట్రెస్-స్ట్రెయిన్ వక్రం గీసి ఈల్డ్ పాయింట్ చూపించమంటారు. వెంటనే, పోత ఇనుముకు ఆ వక్రం ఎలా మారుతుందని అడుగుతారు. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఎందుకు లేదు? ఫ్రిజ్ తలుపు తెరిచి పెడితే గది చల్లబడుతుందా? ఈ చివరి ప్రశ్నకు చల్లబడదని అందరూ చెబుతారు. ఎందుకన్నదానికి కంప్రెసర్ తీసుకునే కరెంటు కూడా వేడిగా గదిలోకే వస్తుందని శక్తి సమతుల్యత గీసి చూపించినవాడు తేలుతాడు.

ప్రాజెక్టు మీద అడిగేటప్పుడు కొలతలు అడుగుతారు. ఏ పదార్థం వాడారు, మందం ఎంత, ఎందుకంత, ఎక్కడ చేయించారు, ఎంత ఖర్చయింది. ప్రాజెక్టును అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొన్నవాళ్లు ఇక్కడ రెండో ప్రశ్నకే దొరికిపోతారు. చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, ముగ్గురు కలిసి, బాలానగర్‌లో ఏదో ఒక షెడ్ ఓనరుని అడిగి శనివారాలు అక్కడ గడపండి. చిన్న జిగ్గు ఒకటి, డ్రిల్లింగ్ ఫిక్స్చర్ ఒకటి స్వయంగా గీసి, చేయించి, ఎన్ని ముక్కలు సరిగ్గా వచ్చాయో, ఎన్ని పోయాయో రాసి పెట్టుకోండి. పోయిన ముక్కల కాలమ్ ఖాళీగా ఉంటే బోర్డులో ఎవరూ నమ్మరు.